సాగు పరిశోధనకు ప్రభుత్వ గ్రాంటు: ప్రయాస్, బిగ్, రఫ్తార్, సీడ్ ఫండ్‌లలో ముందు దేని తలుపు తట్టాలి?

వ్యవసాయానికి కొత్త యంత్రమో, జీవ ఎరువో, పరీక్ష పరికరమో తయారుచేయాలనుకునే చిన్న సంస్థకు మొదటి చిక్కు పరిశోధన ఖర్చు. ఫలితం వస్తుందో రాదో తెలియని పనికి బ్యాంకు అప్పివ్వదు. పెట్టుబడిదారు అమ్మకాల లెక్క చూపించమంటాడు. ఆ ఖాళీని పూడ్చడానికే ప్రభుత్వ గ్రాంటులున్నాయి. తిరిగి కట్టనక్కర్లేని డబ్బు అది. కంపెనీలో వాటా కూడా అడగరు.

అమెరికాలో ఈ పనిని 1982లో వచ్చిన చట్టం ఎస్‌బీఐఆర్ (స్మాల్ బిజినెస్ ఇన్నోవేషన్ రీసెర్చ్) పేరుతో ఒక దారిలో పెట్టింది. పెద్ద పరిశోధన బడ్జెట్ ఉన్న ప్రతి కేంద్ర శాఖా, వ్యవసాయ శాఖతో సహా, అందులో కొంత శాతం చిన్న కంపెనీలకు ఇవ్వాలి. మొదటి దశలో ఆలోచన పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి చిన్న మొత్తం, నెగ్గినవారికి రెండో దశలో పెద్ద మొత్తం. మన బయోటెక్నాలజీ విభాగం 2005లో దాదాపు అదే పేరుతో ఎస్‌బీఐఆర్‌ఐ పథకం ప్రారంభించింది. ఆ తర్వాత వచ్చిన పథకాలు మాత్రం వేర్వేరు శాఖల్లో పుట్టాయి. ప్రయాస్ సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగానిది. బిగ్ బయోటెక్నాలజీ విభాగం కింద పనిచేసే ప్రభుత్వ సంస్థ బైరాక్‌ది. రఫ్తార్ వ్యవసాయ శాఖది. సీడ్ ఫండ్, అంటే స్టార్టప్‌కు తొలి పెట్టుబడి నిధి, వాణిజ్య మంత్రిత్వ శాఖలో పరిశ్రమల ప్రోత్సాహం చూసే డీపీఐఐటీ విభాగానిది. ఒక మెట్టు ఎక్కినవారిని తర్వాతి మెట్టుకు ఎవరూ పిలవరు. వరుస మనమే కట్టుకోవాలి. తొందరపడి ఒక మెట్టు ముందు ఎక్కితే ఇంకొకటి శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

కాబట్టి 'ఎవరు ఎక్కువిస్తారు' అనే ప్రశ్నతో మొదలుపెట్టవద్దని నా సలహా. ఏది ముందు, ఏది వెనుక అన్నదే అసలు నిర్ణయం.

ముందుగా తేల్చుకోవలసినవి

*మీకు ఇంకా తెలియనిది ఏమిటి?* ఆలోచన శాస్త్రపరంగా పనిచేస్తుందో లేదో తెలియకపోతే మీకు కావలసింది ప్రయోగశాల డబ్బు. పనిచేస్తుందని తెలుసు, వస్తువుగా మలచాలి అంటే నమూనా తయారీ డబ్బు. వస్తువు ఉంది, రైతు కొంటాడో లేదో చూడాలి అంటే అది మార్కెట్ పరీక్ష. ఈ మూడింటినీ ఒకే దరఖాస్తులో కలిపి రాసేవారు చాలామంది. నిపుణుల కమిటీ ముందు ఇలాంటి ప్రతిపాదనలు నిలబడవు.

*మీరు వ్యక్తా, కంపెనీయా? కంపెనీ వయసెంత?* కొన్ని పథకాలు వ్యక్తులను తీసుకుంటాయి. కొన్నింటికి కంపెనీ తప్పనిసరి, అదీ కొత్తదై ఉండాలి.

*చేతి నుంచి ఎంత పెట్టగలరు?* ఖర్చులో సొంత వాటా అడగని పథకంలోనూ డబ్బు విడతలుగానే వస్తుంది. మొదటి విడత ఖర్చుపెట్టి, వినియోగ ధ్రువపత్రం సమర్పించి, రెండో విడత కోసం ఎదురుచూసే నెలల్లో జీతాలు, అద్దె మీరే భరించాలి.

*డబ్బు ఏ నెలలో చేతికొస్తుంది?* ఇతర రంగాలవారు దీన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదు. మనకు ఇదే ప్రాణం. పత్తి మీద పరీక్ష చేయాల్సిన వారికి సెప్టెంబరులో డబ్బు అందితే ఆ ఏడాది పోయినట్టే.

*ఏ చట్టం దాటాలి?* యంత్రానికి ఒకటి, పురుగుమందుకు ఒకటి, మొక్క పెరుగుదలకు వాడే బయోస్టిమ్యులెంట్‌కు ఒకటి. అనుమతికి కావలసిన సమాచారం గ్రాంటు కాలంలోనే సేకరిస్తే రెండు పనులూ ఒకే ఖర్చుతో అవుతాయి.

ఒక చూపులో

| పథకం | గరిష్ఠ గ్రాంటు | ఎవరికి | బాగా కుదిరే పని | మరచిపోకూడని షరతు |
|---|---|---|---|---|
| నిధి-ప్రయాస్ | 10 లక్షలు | వ్యక్తి, కొత్త సంస్థ | యంత్రం, పరికరం నమూనా | కేవలం సాఫ్ట్‌వేర్‌కు కాదు |
| బైరాక్ బిగ్ | 50 లక్షలు, 18 నెలలు | వ్యక్తి, స్టార్టప్ | జీవశాస్త్ర ఆధారిత పరిశోధన | ప్రయోగశాల లేదా ఇంక్యుబేటర్ (కొత్త సంస్థలకు చోటు, వసతి, సలహా ఇచ్చే కేంద్రం) ఉండాలి |
| రఫ్తార్ | ఆలోచన దశకు 5 లక్షలు, సీడ్ దశకు 25 లక్షల వరకు | వ్యవసాయ ఔత్సాహికులు, స్టార్టప్‌లు | సాగు, అనుబంధ రంగాల్లో ఏదైనా | సొంత వాటా 10 లేదా 15 శాతం |
| స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ | 20 లక్షలు | డీపీఐఐటీ గుర్తింపు ఉన్న కంపెనీ | నమూనా, ఉత్పత్తి పరీక్షలు | కంపెనీకి రెండేళ్లు దాటకూడదు |
| ఎస్‌బీఐఆర్‌ఐ | ప్రాజెక్టును బట్టి | పరిశోధన వసతి ఉన్న కంపెనీ | నిరూపణ అయిన బయోటెక్ పనిని ముందుకు తీసుకెళ్లడం | ఖర్చులో కంపెనీ వాటా |

నిధి-ప్రయాస్: ఇనుముతో, తీగలతో పనిచేసేవారికి

2016లో మొదలైన ఈ పథకం ఉద్దేశం సూటిగా ఉంటుంది: మీ ఆలోచనను చేత్తో పట్టుకోగల వస్తువుగా మార్చండి. గరిష్ఠంగా 10 లక్షలు. కలుపు తీసే పరికరం, తేమ కొలిచే సాధనం, పాలలో కల్తీ పట్టే కిట్టు వంటివి దీనికి సరిగ్గా సరిపోతాయి. కంపెనీ లేకుండా వ్యక్తిగా కూడా దరఖాస్తు చేయవచ్చు. ఈ వెసులుబాటు ఎంత విలువైనదో కింద వరుస గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

డబ్బు నేరుగా ఢిల్లీ నుంచి రాదు. గుర్తింపు పొందిన ఇంక్యుబేటర్లు ప్రయాస్ కేంద్రాలుగా పనిచేస్తాయి. ఎంపిక వారిదే, పర్యవేక్షణా వారిదే. అందుకే పథకం నియమాలు చదవడానికి ఎంత సమయం పెడతారో, ఏ కేంద్రంలో లేత్, త్రీడీ ప్రింటర్, ఎలక్ట్రానిక్స్ బల్ల ఉన్నాయో కనుక్కోవడానికీ అంత పెట్టండి. వ్యవసాయం తెలియని కేంద్రంలో చేరితే మీ యంత్రాన్ని ఏసీ గదిలో మెచ్చుకుంటారు. అది బురదలో ఎలా నడుస్తుందని అడిగేవారు ఉండరు.

ఇక్కడ ఒక ఆచరణ విషయం. గ్రామాల్లో నమూనా యంత్రాలు ఎక్కువగా ఊళ్లోని వెల్డింగ్ షాపులో తయారవుతాయి. ఆ షాపు యజమాని జీఎస్టీ బిల్లు ఇవ్వడు, చేతిరాత చీటీ ఇస్తాడు. ఆడిట్‌లో ఆ చీటీ నిలబడదు. బేరింగులు, మోటారు, షాఫ్టు, ఇనుప రేకు మీరే బిల్లు మీద కొని, షాపులో కూలి మాత్రమే కట్టే ఏర్పాటు ముందే చేసుకుంటే తర్వాత ఖర్చు తిరస్కరించారని బాధపడే పని ఉండదు. పెద్ద కొనుగోళ్లకు మూడు కొటేషన్లు తీసి ఫైలులో ఉంచండి. గ్రాంటు కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవండి.

బిగ్: శాస్త్రం ఇంకా తేలనప్పుడు

బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు, అందరూ బిగ్ అనే పిలుస్తారు, 2012 నుంచి ఉంది. 50 లక్షల వరకు, 18 నెలలు. మామూలుగా ఏటా జనవరిలో, జులైలో దరఖాస్తులు పిలుస్తారు. వైద్య రంగం వారే ఎక్కువగా కనిపిస్తారు కాబట్టి వ్యవసాయం వారు ఇది తమది కాదనుకుని పక్కకు తప్పుకుంటారు. అది పొరపాటు. వ్యవసాయం అందులో గుర్తింపు ఉన్న విభాగమే. హైదరాబాద్ శివారు తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్క్ ఈ పథకానికి భాగస్వామి సంస్థ కూడా.

ఎవరికి కుదురుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. 2021-22లో గుంటూరు, ఖమ్మం మిరపను నల్ల తామర పురుగు దెబ్బకొట్టింది. మందులు మార్చి మార్చి కొట్టినా లొంగలేదు. ఇప్పుడు ఒక సూక్ష్మజీవశాస్త్ర పట్టభద్రురాలు స్థానిక నేలల నుంచి వేరుచేసిన శిలీంధ్రం ఒకటి ఆ పురుగును చంపుతోందని ప్రయోగశాలలో గమనించిందనుకుందాం. పొలంలో ఏప్రిల్ ఎండకు ఆ శిలీంధ్రం బతుకుతుందా, సీసాలో ఎన్ని నెలలు నిలుస్తుంది, పూతలో తేనెటీగలకు హాని చేస్తుందా అన్నవి ఆమె ముందున్న ప్రశ్నలు. ఇవన్నీ నిజమైన పరిశోధన ప్రశ్నలు. ప్రయాస్ 10 లక్షలు దీనికి చాలవు. రఫ్తార్ కమిటీ వ్యాపార ప్రణాళిక అడుగుతుంది. బిగ్ మాత్రం శాస్త్రం గురించే అడుగుతుంది. ఆమె వెళ్లవలసింది అక్కడికే.

అయితే 18 నెలలు అనగానే మూడు పంట కాలాలు అనుకోకండి. లెక్క వేసి చూద్దాం. జనవరిలో ప్రాజెక్టు మొదలైతే తర్వాతి ఏడాది జూన్ చివరికి ముగుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటిన మిరప మార్చి, ఏప్రిల్ దాకా ఉంటుంది. అంటే మొత్తం గడువులో మిరప ఒక్క పంటే దొరుకుతుంది. పత్తికైనా పూర్తి ఖరీఫ్ ఒక్కటే, రెండోది విత్తే సమయానికి గడువు ముగుస్తుంది. అదే ప్రాజెక్టు మే నెలలో మొదలైతే తర్వాతి ఏడాది అక్టోబరు దాకా ఉంటుంది కాబట్టి సోయా, మొక్కజొన్న, వేరుశనగ వంటి స్వల్పకాలిక పంటల్లో రెండు ఖరీఫ్‌లు చూడవచ్చు. ఒప్పందం తేదీని కొద్దిగా అటూ ఇటూ జరపమని భాగస్వామి సంస్థను అడగడంలో తప్పులేదు. కుదరకపోతే గ్రీన్‌హౌస్, కుండీ పరీక్షలను మొదటి నెలల్లో పెట్టుకుని పొల పరీక్షను సరైన నెలకు జరపండి.

జీవ పురుగుమందు అయితే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద నమోదు కావాలి. మొక్క పెరుగుదలకు వాడే బయోస్టిమ్యులెంట్లను 2021 సవరణతో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. వాటి సామర్థ్య పరీక్షలు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) సంస్థల ద్వారా జరగాలి. మీ సొంత పొలంలో, బంధువుల పొలంలో చేసిన పరీక్షలు మీకు ధైర్యం ఇస్తాయి తప్ప నమోదు దరఖాస్తులో పనికిరావు. బిగ్ బడ్జెట్‌లోనే విశ్వవిద్యాలయ పరీక్ష రుసుము రాయండి. ఆ ఒక్క పద్దు తర్వాత ఏడాదిన్నర ఆదా చేస్తుంది.

రఫ్తార్: సాగు తెలిసినవారు అడిగే ప్రశ్నలు

రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో భాగంగా 2018-19లో వ్యవసాయ స్టార్టప్‌ల కోసం ఈ విభాగం మొదలైంది. దేశంలో ఐదు విజ్ఞాన భాగస్వామ్య సంస్థలు, వాటి కింద 24 ఇంక్యుబేటర్లు. ఆ ఐదింటిలో ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ, మేనేజ్. అక్కడికి దగ్గరలోనే చిరుధాన్యాల పరిశోధన సంస్థ నడిపే న్యూట్రిహబ్ ఉంది. జాతీయ వ్యవసాయ పరిశోధన యాజమాన్య అకాడమీ (నార్మ్)లోని ఎ-ఐడియా, వ్యవసాయ విశ్వవిద్యాలయంలోని అగ్‌హబ్ అనే ఇంక్యుబేటర్లు కూడా ఆ చుట్టుపక్కలే. తెలుగు రాష్ట్రాల్లో వ్యవసాయ పరిశోధన చేసే చిన్న సంస్థకు ఒక్క రోజులో ఇన్ని సంస్థల గడప తొక్కే వీలు రాజేంద్రనగర్‌లో ఉంది. ఆ వసతిని వాడుకోవాలి.

డబ్బు రెండు దశల్లో ఉంటుంది. ఆలోచన దశకు 5 లక్షల వరకు, అందులో మీ వాటా 10 శాతం. సీడ్ దశకు 25 లక్షల వరకు, మీ వాటా 15 శాతం. అంటే 25 లక్షల ప్రాజెక్టులో 3 లక్షల 75 వేలు మీ జేబులోంచి పెట్టాలి. దీనితోపాటు కొత్తవారికి రెండు నెలల పరిచయ శిక్షణ, నెలకు 10 వేల భత్యం ఉన్నాయి. కళాశాల నుంచి బయటికి వచ్చినవారికి ఆ శిక్షణ చాలా మేలు చేస్తుంది. వర్క్‌షాపు నడుపుకుంటూ కుటుంబాన్ని పోషించే మెకానిక్ మాత్రం ఎన్ని రోజులు స్వయంగా హాజరు కావాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఈ పథకం గొప్పతనం నా దృష్టిలో డబ్బు కాదు, కమిటీలో కూర్చునేవారు. విత్తనం, నేల, యంత్రాలు తెలిసిన శాస్త్రవేత్తలు మీ ప్రతిపాదన చదువుతారు. 'ఎకరాకు ఎంత ఖర్చు, ఇప్పుడు రైతు చేస్తున్న పద్ధతి కన్నా ఎంత తక్కువ' అని సూటిగా అడుగుతారు. ఇబ్బంది ఏమిటంటే ఎంపిక ఒకటికి మించిన అంచెలు దాటాలి. ఇంక్యుబేటర్ స్థాయిలో నెగ్గినా పై ఆమోదం రావాలి, ఆ తర్వాతే విడుదల. వచ్చే ఖరీఫ్ కోసం అనుకుంటే ఈ ఖరీఫ్ ముగియకముందే దరఖాస్తు పని మొదలుపెట్టాలి.

చిరుధాన్యాలతో కొత్త ఆహార పదార్థం చేయాలనుకునేవారికి ఒక మాట. మీ పనిలో కొత్త ప్రక్రియ ఏదైనా ఉంటే, ఉదాహరణకు జొన్న రవ్వ త్వరగా ముక్కిపోకుండా చేసే పద్ధతి, న్యూట్రిహబ్ ద్వారా రఫ్తార్ సరైన దారి. ఉన్న పద్ధతిలోనే చిన్న యూనిట్ పెట్టాలనుకుంటే అది పరిశోధన కాదు. సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమలకిచ్చే పీఎంఎఫ్‌ఎంఈ కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ తీసుకోవడం మేలు.

సీడ్ ఫండ్: షరతులు ముందు చదవండి

2021 ఏప్రిల్‌లో 945 కోట్లతో మొదలైంది. నిరూపణ, నమూనా, ఉత్పత్తి పరీక్షలకు 20 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు. మార్కెట్లోకి వెళ్లేందుకు 50 లక్షల దాకా అప్పు లేదా మార్పిడి డిబెంచర్ల (తర్వాత వాటాలుగా మార్చుకోగల రుణపత్రాల) రూపంలో ఇస్తారు. రెండోది గ్రాంటు కాదని గుర్తుంచుకోండి. ఒకేసారి మూడు ఇంక్యుబేటర్లకు దరఖాస్తు పెట్టవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను కాదనరు కాబట్టి ఆకు ఫొటో చూసి తెగులు గుర్తించే యాప్ వంటి పనులకు ప్రయాస్ కన్నా ఇది మేలు. పథకాన్ని 2021-22 నుంచి నాలుగేళ్లకు ప్రకటించారు. అందువల్ల దరఖాస్తుకు ముందు, పంపిణీ చేయడానికి నిధి ఎవరి దగ్గర ఉందో ఇంక్యుబేటర్లకు ఫోను చేసి అడగండి.

షరతులు రెండు. దరఖాస్తు నాటికి కంపెనీ పుట్టి రెండేళ్లు దాటకూడదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఇతర పథకాల కింద 10 లక్షలకు మించి ఆర్థిక సాయం పొంది ఉండకూడదు. పోటీల్లో వచ్చిన బహుమతి సొమ్ము, ఉచిత కార్యాలయ స్థలం, ప్రయోగశాల వసతి ఆ 10 లక్షల్లోకి రావు. వీటి పరిణామం మామూలుది కాదు.

వరుస ఎక్కడ తప్పుతుందంటే

ఒక యువకుడు ఉత్సాహంగా ముందు కంపెనీ నమోదు చేయిస్తాడు. లోగో, వెబ్‌సైటు, కార్డులు అయ్యేసరికి ఏడాది గడుస్తుంది. రఫ్తార్ సీడ్ దశకు దరఖాస్తు చేసి 20 లక్షలకు పైగా తెచ్చుకుంటాడు. ఆ తర్వాత సీడ్ ఫండ్ వైపు చూస్తే రెండు తలుపులూ మూసి ఉంటాయి. కంపెనీకి మూడో ఏడు నడుస్తోంది, సాయం 10 లక్షలు దాటింది.

అదే యువకుడు కంపెనీ లేకుండా వ్యక్తిగా ప్రయాస్‌తో మొదలుపెట్టి, నమూనా చేతికొచ్చాక కంపెనీ నమోదు చేసి, డీపీఐఐటీ గుర్తింపు తీసుకుని, రెండేళ్లలోపు సీడ్ ఫండ్‌కు వెళ్లి, ఆపైన రఫ్తార్ సీడ్ దశకు వెళ్లి ఉంటే ఏదీ మూసుకుపోయేది కాదు. షరతు '10 లక్షలకు మించి' అంటుంది కాబట్టి ప్రయాస్ పూర్తి 10 లక్షలు ఒక్కటే అడ్డురాదు. దానికి తోడు రాష్ట్ర గ్రాంటు ఒక లక్ష తీసుకున్నా గీత దాటినట్టే. ఏ పథకంలోనైనా ఇంతకుముందు తీసుకున్నదంతా దాచకుండా ప్రకటించండి. ఒకే పరికరం ఖర్చును రెండు గ్రాంటుల్లో చూపడం నేరుగా తిరస్కరణకు, కొన్నిసార్లు డబ్బు వెనక్కి కట్టడానికి దారితీస్తుంది.

కంపెనీ రూపం గురించి కూడా ఒక మాట చెప్పాలి. సొంత పేరు మీద నడిపే ప్రొప్రయిటరీ సంస్థకు స్టార్టప్ గుర్తింపు రాదు. ప్రైవేట్ లిమిటెడ్, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), నమోదైన భాగస్వామ్య సంస్థ అయితే వస్తుంది.

బిగ్ దారి వేరు. శాస్త్రమే తేలని పనికి 50 లక్షలు అవసరమైనప్పుడు సీడ్ ఫండ్ పోతుందేమోనని వెనకాడడం సరికాదు. నా సలహా అడిగితే, జీవశాస్త్రం వారు బిగ్‌ను ఎంచుకుని సీడ్ ఫండ్‌ను వదులుకోవాలి, నిరూపణ అయ్యాక ఎస్‌బీఐఆర్‌ఐ వైపు చూడాలి. ఎస్‌బీఐఆర్‌ఐ చిన్న చేతులకు బరువైనదే. ఖర్చులో కంపెనీ వాటా పెట్టగల స్థితి, పరిశోధన వసతి ఉండాలి. అప్పటికి మీరు ఆ స్థితికి చేరి ఉంటారు.

ఎవరు ఎటు?

*చదువు తక్కువ, చేతిపని ఎక్కువ ఉన్న రైతు, మెకానిక్.* ఆంగ్లంలో ప్రతిపాదన రాయడమే మీకు పెద్ద గోడ. 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ అట్టడుగు స్థాయి ఆవిష్కర్తల కోసమే ఉంది. తెలుగు నేలపై అలాంటివారిని వెతికి పట్టుకునే స్వచ్ఛంద సంస్థ పల్లెసృజన. తెలంగాణలో ఇంటింటా ఇన్నోవేటర్ కార్యక్రమం, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కూడా ఉన్నాయి. వీరి సాయంతో రాయించుకుని ప్రయాస్‌కు వెళ్లండి. యంత్రం తయారయ్యాక అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల పరీక్ష సంస్థలో పరీక్ష చేయించి నివేదిక తీసుకోవాలి. రైతుకు రాయితీపై అందే యంత్రాల జాబితాలో చేరాలంటే అలాంటి నివేదిక కావాలి. ఆ రుసుమును కూడా గ్రాంటు బడ్జెట్‌లో అడగండి.

*విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న శాస్త్రవేత్త, పరిశోధక విద్యార్థి.* మీ ఆవిష్కరణ ఎవరి సొత్తు అన్నది ముందు తేలాలి. సంస్థ ప్రయోగశాలలో పుట్టినదైతే లైసెన్సు, నిరభ్యంతర పత్రం లేకుండా ఏ కమిటీ ముందుకీ వెళ్లకండి.

*కంప్యూటర్ పట్టభద్రులు.* మీ యాప్‌కు సమాచారం ఎక్కడిదో అడుగుతారు. తెగులు ఫొటోలకు రోగ నిర్ధారణ చేసినవారు వృక్ష రోగ శాస్త్రవేత్తలా, మీరా అన్నదే తేడా. ఒక కృషి విజ్ఞాన కేంద్రంతో ఒప్పందం చేసుకుని వెళ్తే సగం ప్రశ్నలు అక్కడే తీరతాయి.

*అమెరికాలో ఉన్న తెలుగువారు.* అక్కడి వ్యవసాయ శాఖ చిన్న వ్యాపార గ్రాంటుకు కంపెనీలో సగానికి మించిన యాజమాన్యం పౌరుల చేతిలోనో, గ్రీన్‌కార్డు ఉన్నవారి చేతిలోనో ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవారి వాటా ఆ లెక్కలోకి రాదు. ప్రాజెక్టు నడిపే ముఖ్య పరిశోధకుడి ప్రధాన ఉద్యోగం ఆ కంపెనీలోనే ఉండాలి. పరిశోధన కూడా అక్కడి గడ్డ మీదే జరగాలి కాబట్టి గుంటూరులో పొల పరీక్షలు పెట్టుకుని అక్కడి డబ్బు ఖర్చుపెట్టే ఆలోచన మానుకోండి. గుంటూరు పొలమే కావాలంటే ఇక్కడ భారతీయుల మెజారిటీ వాటాతో కంపెనీ పెట్టి ఇక్కడి పథకాలకు రావాలి.

దరఖాస్తులో ఒక్క వాక్యం

ఏ పథకమైనా దశలవారీ లక్ష్యాలు రాయమంటుంది. డబ్బు విడుదల వాటి మీదే ఆధారపడి ఉంటుంది. వేరుశనగ కట్టె నుంచి కాయలు వేరుచేసే యంత్రానికి ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: 'ఆరో నెలకు నమూనా పూర్తి, తొమ్మిదో నెలకు పొల పరీక్షలు పూర్తి.' దీన్ని బట్టి యంత్రం మంచిదో కాదో ఎవరూ చెప్పలేరు. ఇలా రాసి చూడండి: 'కదిరి లేపాక్షి రకంలో, పీకిన వెంటనే ఉండే పచ్చి తేమలో ఒకసారి, రెండు రోజులు ఆరాక ఒకసారి నడుపుతాం. గంటకు వేరుచేసిన కాయల బరువు, పగిలిన కాయల శాతం, కట్టెలో మిగిలిపోయిన కాయల శాతం కొలుస్తాం. పగిలినవి మూడు శాతం దాటితే డ్రమ్ము వేగం, పళ్ల మధ్య దూరం మార్చి మళ్లీ పరీక్షిస్తాం.' ఇది చదివిన శాస్త్రవేత్తకు మీరు వేరుశనగ చేలో నిలబడిన మనిషి అని తెలిసిపోతుంది. విఫలమైతే ఏం చేస్తారో చెప్పారు కాబట్టి డబ్బు ఇవ్వడానికి ధైర్యమూ వస్తుంది.

పేటెంటు సంగతి ఇదే సమయంలో చూసుకోవాలి. మన పేటెంటు చట్టంలోని సెక్షన్ 3 ప్రకారం సాగు పద్ధతికి, మొక్కకు, విత్తనానికి పేటెంటు రాదు. కొత్త వంగడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టం కింద నమోదు ఉంది. యంత్రానికి, పరికరానికి పేటెంటు వస్తుంది, కానీ దరఖాస్తుకు ముందే యూట్యూబ్‌లో వీడియో పెట్టినా, కిసాన్ మేళాలో అందరికీ విప్పి చూపినా కొత్తదనం పోయే ప్రమాదం ఉంది. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము 1,600 రూపాయలే. తాత్కాలిక వివరణ దాఖలు చేస్తే పూర్తి వివరణకు 12 నెలల గడువు దొరుకుతుంది. మేళాకు వెళ్లే ముందు ఆ పని పూర్తిచేయండి.

గ్రాంటు వద్దనుకోవలసిన చోటు

మీ యంత్రం ఇప్పటికే పదిమంది రైతుల దగ్గర నడుస్తోంది, మళ్లీ కావాలని అడుగుతున్నారు అంటే మీకు పరిశోధన గ్రాంటు అవసరం లేదు. దాని కోసం పట్టే నెలల్లో ఒక సీజన్ అమ్మకాలు పోతాయి. గోదాము, శుద్ధి, గ్రేడింగ్ వంటి పంట కోత తర్వాతి వసతులకైతే వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద 2 కోట్ల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. వాటా ఇచ్చి పెట్టుబడి తీసుకోవడానికి సిద్ధపడితే 2024 సెప్టెంబరులో నాబార్డ్ ఆధ్వర్యంలో 750 కోట్లతో మొదలైన అగ్రిష్యూర్ నిధి ఉంది. వీటన్నిటికీ అమ్మకాల లెక్కలు, పన్ను రిటర్నులు సక్రమంగా ఉండాలి. ప్రభుత్వ గ్రాంటు కూడా ఆదాయపు పన్ను లెక్కలో ఆదాయంగానే వస్తుంది కాబట్టి మొదటి విడత ఖాతాలో పడే ముందే ఆడిటర్‌తో మాట్లాడి, దేన్ని ఆస్తి ఖర్చులో తగ్గించి చూపాలో, దేన్ని ఆదాయంగా చూపాలో రాయించుకోండి.